ట్రాన్సిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ నడుమ ఏముండాలి? మైకా, ప్యాడ్, గ్రీజుల లెక్క

పవర్ ట్రాన్సిస్టర్‌ని హీట్‌సింక్‌కి, అంటే వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మకి, బిగించేటప్పుడు రెండు పనులు ఒకేసారి జరగాలి. వేడి సులువుగా దాటిపోవాలి, కరెంటు మాత్రం దాటకూడదు. చిక్కంతా అక్కడే ఉంది. కరెంటును బాగా ఆపే పదార్థాలు చాలామటుకు వేడిని కూడా ఆపేస్తాయి. అందుకే ట్రాన్సిస్టర్ కింద కరెంటును ఆపడానికి పెట్టే ఆ పలచని రేకు, అంటే ఇన్సులేటర్, గురించి ఇన్ని వాదనలు. మైకాయే మేలని కొందరు, సిలికోన్ ప్యాడ్ ఉండగా ఇంకా గ్రీజు పూసుకోవడం ఏమిటని కొందరు, అసలు ఇన్సులేటరే వద్దని ఇంకొందరు అంటారు. ముగ్గురి మాటా ఒక్కో సందర్భంలో నిజమే. ఏ సందర్భంలో ఎవరిది నిజమో తేల్చేది ఆ ట్రాన్సిస్టర్ ఎన్ని వాట్లు వేడిగా మారుస్తోందన్న అంకె. అది తెలియకుండా ఏది మంచిదని అడిగితే జవాబు ఉండదు.

వెనక రేకు ఎందుకు లైవ్‌గా ఉంటుంది

ట్రాన్సిస్టర్‌లో పనిచేసేది లోపలున్న చిన్న సిలికాన్ చిప్పు. వేడి పుట్టేది అందులోనే. ఆ వేడి త్వరగా బయటికి రావాలని చిప్పును నేరుగా లోహపు రేకు మీద సోల్డర్ చేస్తారు. ఆ రేకునే ట్యాబ్ అంటాం. చిప్పు అడుగుభాగం మామూలు ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్, మాస్‌ఫెట్‌లో డ్రెయిన్. కాబట్టి ట్యాబ్ కూడా కలెక్టరో డ్రెయినో అయి కూర్చుంటుంది. 2ఎన్3055 లాంటి టీవో-3 ఇనుప డబ్బాలో డబ్బా మొత్తం కలెక్టరే.

రెగ్యులేటర్ ఐసీల్లో ఇది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. 7805 ట్యాబ్ గ్రౌండ్. దాన్ని ఎర్త్ చేసిన డబ్బాకి నేరుగా బిగించినా చాలా సర్క్యూట్లలో నష్టం లేదు. ఎల్ఎం317 ట్యాబ్ అవుట్‌పుట్. 7905కీ ఎల్ఎం337కీ ట్యాబ్ ఇన్‌పుట్, అంటే నెగటివ్ సప్లై. 7805, 7905 రెండింటినీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా అని ఒకే హీట్‌సింక్‌కి ఇన్సులేటర్ లేకుండా బిగిస్తే నెగటివ్ సప్లై నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. ప్లస్, మైనస్ రెండూ ఉండే పవర్ సప్లైల్లో తరచూ కనిపించే పొరపాటిది.

వాట్‌కి ఎన్ని డిగ్రీలు

ఒక వాట్ వేడి ఒక అడ్డంకిని దాటాలంటే అటూ ఇటూ ఎన్ని డిగ్రీల తేడా కావాలో చెప్పే అంకెనే ఉష్ణ నిరోధం అంటారు. ఓమ్ సూత్రం తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు. వోల్టేజి స్థానంలో ఉష్ణోగ్రత తేడా, కరెంటు స్థానంలో వాట్లు పెట్టుకుంటే చాలు.

వేడి దారిలో మూడు మెట్లున్నాయి. చిప్పు నుంచి ట్యాబ్ దాకా మొదటిది. ఇది తయారీదారు చేతిలో ఉంది, మనం మార్చలేం. ట్యాబ్ నుంచి హీట్‌సింక్ దాకా రెండోది. ఇన్సులేటరూ గ్రీజూ బిగింపూ ఇక్కడికే వస్తాయి. హీట్‌సింక్ నుంచి గాలికి మూడోది. మూడూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి కూడుకుంటూ పోవాలి. మొత్తాన్ని వాట్లతో గుణించి గాలి ఉష్ణోగ్రత కలిపితే చిప్పు వేడి ఎంతో వస్తుంది. చిప్పు వేడికి ఒక హద్దుంది. ప్లాస్టిక్ ప్యాకేజీల్లో సాధారణంగా 150 డిగ్రీలు, కొన్ని మాస్‌ఫెట్లలో 175, 2ఎన్3055 లాంటి ఇనుప డబ్బాల్లో 200.

డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించే వాట్లను ఇక్కడే అర్థం చేసుకోవాలి. 2ఎన్3055కి 115 వాట్లని రాసి ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. హద్దు 200 డిగ్రీలు, డబ్బా 25 డిగ్రీల దగ్గరే ఉందనుకున్నారు, తేడా 175. మొదటి మెట్టు నిరోధం 1.52. 175ని 1.52తో భాగిస్తే 115. అంటే డబ్బాను ఎవరో 25 డిగ్రీల దగ్గర పట్టుకుని కూర్చుంటేనే 115 వాట్లు. మామూలు హీట్‌సింక్ మీద అది జరిగే పని కాదు. ఐఆర్‌ఎఫ్540ఎన్ మీద రాసిన 130 వాట్లు కూడా ఇదే పద్ధతిలో 150 డిగ్రీలను 1.15తో భాగించగా వచ్చినవే. ఈ అంకెను ట్రాన్సిస్టర్ సామర్థ్యం అనుకోవడం కంటే, మొదటి మెట్టు నిరోధాన్ని ఇంకో రూపంలో చెప్పడం అనుకుంటే ఉపయోగం ఎక్కువ.

18 వాట్ల ఉదాహరణ

24 వోల్టులు తీసుకుని 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు ఇచ్చి, మిగిలిన వోల్టేజిని ట్రాన్సిస్టర్‌లో వేడిగా వదిలే లీనియర్ సప్లై ఒకటి తీసుకుందాం. సిరీస్ ట్రాన్సిస్టర్ మీద 12 వోల్టులు పడతాయి. 12ను 1.5తో గుణిస్తే 18 వాట్లు. ట్రాన్సిస్టర్ టీవో-220 ప్యాకేజీలో (ప్లాస్టిక్ ఒళ్లు, రంధ్రమున్న లోహపు ట్యాబ్) ఉంది, మొదటి మెట్టు వాట్‌కి 1.5 డిగ్రీలు. హద్దు 150 అయినా కొంత మిగులు ఉంచి 125 దగ్గర ఆపాలనుకుందాం. డబ్బా లోపలి గాలి 45 డిగ్రీలు. బయటి గాలి ఎంతున్నా లెక్కకి తీసుకోవాల్సింది హీట్‌సింక్ చుట్టూ ఉన్న గాలినే.

మనకున్న తేడా 80 డిగ్రీలు. దాన్ని 18తో భాగిస్తే 4.44. అందులో 1.5 చిప్పుకే పోయింది. మిగిలిన 2.94లోనే ఇన్సులేటరూ హీట్‌సింకూ సర్దుకోవాలి.

ఇన్సులేటర్ లేకుండా గ్రీజుతో నేరుగా బిగిస్తే రెండో మెట్టు 0.8 దగ్గర ఉంటుంది. అప్పుడు హీట్‌సింక్ 2.14 ఉన్నా సరిపోతుంది. ఓ మోస్తరు సైజుదే. మైకాకి రెండువైపులా గ్రీజు పూస్తే 1.5 దగ్గరికి వస్తుంది, హీట్‌సింక్ 1.44 కావాలి. కాస్త పెద్దది. మామూలు సిలికోన్ ప్యాడ్ 2.5 అనుకుంటే హీట్‌సింక్‌కి మిగిలేది 0.44. ఫ్యాన్ లేకుండా అంత తక్కువ నిరోధం కావాలంటే హీట్‌సింక్ చాలా భారీగా ఉండాలి. ఇక గ్రీజు లేకుండా ఒట్టి మైకా పెడితే రెండో మెట్టు 3.4 దాకా పోతుంది. 2.94లోంచి 3.4 తీసేస్తే మైనస్. ఎంత పెద్ద హీట్‌సింక్ తెచ్చినా, అది గాలి ఉష్ణోగ్రత దగ్గరే ఉండిపోయినా, చిప్పు 133 డిగ్రీలకి చేరుతుంది. గ్రీజు పూయకపోతే ఇంత తేడా వస్తుందని చాలామంది ఊహించరు.

ఇప్పుడు అదే ట్రాన్సిస్టర్ 4 వాట్లే వేడి చేస్తోందనుకోండి. మైకాకీ ప్యాడ్‌కీ ఉన్న ఒక డిగ్రీ తేడా 4 వాట్లతో గుణిస్తే 4 డిగ్రీలే. దానికోసం గ్రీజుతో చేతులు పాడుచేసుకోవడం అనవసరం. ప్యాడే హాయి. సిలికోన్ ప్యాడ్ల మీద మంచి మాట చెప్పేవారు ఎక్కువగా ఇలాంటి చిన్న వాట్ల పని చేసేవారే. తిట్టేవారు పెద్ద యాంప్లిఫయర్లు కట్టేవారు.

ఇంకో దారి కూడా ఉంది. 18 వాట్లను రెండు ట్రాన్సిస్టర్లకి పంచితే మొదటి రెండు మెట్లూ సమాంతరం అవుతాయి, అంటే సగమవుతాయి. ప్యాడ్ పెట్టినా 1.5, 2.5 కలిపి 4, అందులో సగం 2. హీట్‌సింక్‌కి 2.44 మిగిలింది. ఒక్క ట్రాన్సిస్టర్‌ని గ్రీజుతో నేరుగా బిగించినదానికంటే ఇదే మెరుగు. వేడిని ఒక్క బిందువులోంచి తోడటం కష్టం, రెండు చోట్ల నుంచి తోడటం తేలిక. బైపోలార్ (మాస్‌ఫెట్ కాని మామూలు రకం) ట్రాన్సిస్టర్లయితే ఒక్కోదానికి ఎమిటర్‌లో 0.1 నుంచి 0.22 ఓమ్‌ల రెసిస్టర్ లేకపోతే రెండూ కరెంటును సమంగా పంచుకోవు. వేడెక్కినదే మరింత కరెంటు లాక్కుంటుంది, ఇంకా వేడెక్కుతుంది.

ఒక్కో పదార్థం ఎంత ఆపుతుంది

పదార్థపు మందాన్ని, దాని ఉష్ణ వాహకతా వైశాల్యాల లబ్ధంతో భాగిస్తే నిరోధం వస్తుంది. టీవో-220 ట్యాబ్ వైశాల్యం సుమారు 150 చదరపు మిల్లీమీటర్లు. వాహకతను మీటరుకి డిగ్రీకి ఇన్ని వాట్లని చెబుతారు.

మైకా వాహకత 0.6 అనుకుంటే 0.05 మి.మీ రేకుకి వచ్చేది 0.56. ప్యాడ్ 0.18 మి.మీ, వాహకత 0.9 అయితే 1.33. పసుపుపచ్చగా మెరిసే పాలీఇమైడ్ ఫిల్మ్ ఏ పూతా లేనిదైతే వాహకత 0.12 మాత్రమే. 0.05 మి.మీ మందానికే 2.8 అవుతుంది. అందుకే దాన్ని ఇంకా పలచగా చేసి, సెరామిక్ పొడి కలిపి, రెండువైపులా మెత్తని పూత పూసి అమ్ముతారు. పూతలేని ఫిల్మ్ టేపును కత్తిరించి మైకాకి బదులు వాడటం వాట్లు తక్కువైతేనే చెల్లుతుంది. అల్యూమినా సెరామిక్ బిళ్ల మందం ఏకంగా 1 మి.మీ, అయినా వాహకత 24 కాబట్టి 0.28తో సరిపోతుంది. అల్యూమినియం నైట్రైడ్ ఇంకా చాలా మెరుగు, ధర కూడా అలాగే ఉంటుంది.

లెక్క ప్రకారం మైకాకి 0.56 వచ్చింది కదా, పైన ఉదాహరణలో 1.5 ఎందుకు తీసుకున్నాం? కారణాలు రెండు. మైకాకి అటొకటి ఇటొకటి గ్రీజు పొరలున్నాయి, వాటికీ నిరోధం ఉంది. రెండోది, చిప్పు ట్యాబ్ మొత్తం పరుచుకుని ఉండదు. వేడి ప్రధానంగా చిప్పు కింది భాగంలోంచే దిగుతుంది, స్క్రూ రంధ్రం వైపున్న రేకుకి అంత పని ఉండదు. కాబట్టి 150 చదరపు మిల్లీమీటర్లు అనేది ఆశావాదపు అంకె. పదార్థపు వాహకత ఒక్కటే చూపించి ఇంత గొప్ప ప్యాడ్ అని చెప్పే ప్రకటనలను ఈ దృష్టితోనే చదవాలి.

ఇక గాలి. దాని వాహకత 0.026. ట్యాబ్ కింద 0.05 మి.మీ గాలి పొర పూర్తిగా పరుచుకుంటే దాని నిరోధం 12.8. అదే మందం మైకాకంటే 20 రెట్లు పైమాటే. నిజానికి రెండు లోహాలు అక్కడక్కడా తాకుతూనే ఉంటాయి కాబట్టి అంత దారుణం జరగదు. కానీ అసలు శత్రువు ఎవరో ఈ అంకె చెబుతుంది. ఇన్సులేటర్ ఎంపిక కంటే గాలిని వెళ్లగొట్టడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

పాత సామాన్లలో దొరికే తెల్లటి సెరామిక్ బిళ్లల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. కొన్ని పాత వాషర్లలో, రేడియో ట్రాన్సిస్టర్లలో బెరీలియం ఆక్సైడ్ వాడారు. చూడ్డానికి అల్యూమినాలాగే ఉంటుంది. దాన్ని అలా ఉంచినంతవరకు ప్రమాదం లేదు. విరగ్గొట్టినా, అరగదీసినా వచ్చే ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకి తీరని హాని చేస్తుంది. ఏదో తెలియని తెల్ల బిళ్లని ఆకురాయితో రుద్దకూడదు.

గ్రీజు ఎంత

గ్రీజు వాహకత గొప్పదేమీ కాదు. జింక్ ఆక్సైడ్ కలిపిన మామూలు తెల్ల గ్రీజుది 0.8 ప్రాంతంలో ఉంటుంది, అల్యూమినియానిది 200. కాబట్టి లోహం లోహాన్ని తాకే చోట గ్రీజు అడ్డమే. గాలి ఉన్న చోట మాత్రం అది గాలికంటే 30 రెట్లు మెరుగు. గీతల్లో గుంటల్లో ఉన్న గాలి స్థానాన్ని ఆక్రమించడమే దాని పని. 0.1 మి.మీ మందం గ్రీజు పొర ఒక్కటే 0.8 నిరోధం తెస్తుంది, ఒక మైకా రేకు కంటే ఎక్కువ.

150 చదరపు మిల్లీమీటర్ల మీద 0.1 మి.మీ పొర అంటే మొత్తం 15 ఘనపు మిల్లీమీటర్లు. ఒక బియ్యపు గింజంత. బిగించాక అందులోనూ కొంత అంచుల్లోంచి సన్నగా బయటికి రావాలి. చుట్టూ గడ్డలా పేరుకుంటే ఎక్కువ పూశారు. ఒక పక్కనే కనిపించి మరో పక్క కనిపించకపోతే ట్యాబ్ వాలుగా కూర్చుంది. మైకాకైతే రెండువైపులా పూయాలి. ఒకవైపే పూయడం సగం పని కాదు, రెండోవైపు గాలి పొర అలాగే ఉంటుంది కాబట్టి లాభంలో ఎక్కువ భాగం పోయినట్టే.

సిలికోన్ ప్యాడ్‌కి గ్రీజు పూయాలా అన్నది ఎడతెగని వాదన. ప్యాడ్‌ని తయారుచేసిందే గ్రీజు లేకుండా వాడటానికి. అది మెత్తగా నొక్కుకుని గుంటల్లోకి దిగుతుంది. పైన గ్రీజు పూస్తే మొదట ఒకటి రెండు డిగ్రీలు తగ్గవచ్చు. కానీ గ్రీజులోని సిలికోన్ నూనెను ప్యాడ్ పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, స్క్రూ బిగింపు సడలుతుంది. గ్రీజు ఎలాగూ పూసేటప్పుడు మైకాయే పెట్టుకోవచ్చు కదా అన్నది గట్టి ప్రశ్న. గ్రీజు పక్షం వారికి జవాబు చెప్పాల్సిన విషయం ఇంకొకటి ఉంది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఏళ్ల తరబడి సాగితే గ్రీజులోని నూనె బయటికి జారిపోయి పొడి మిగులుతుంది. రిపేరుకి వచ్చిన పాత యాంప్లిఫయర్లలో సుద్దలా ఎండిపోయిన గ్రీజు మామూలే. ప్యాడ్ అంత తొందరగా మారదు. ఎవరూ విప్పి చూడని చోట పనిచేయాల్సిన పరికరానికి అదొక పెద్ద సుగుణం.

బిగింపు దగ్గర జరిగే తప్పులు

ప్యాడ్ అయినా గ్రీజు అయినా నొక్కుడు బట్టే పనిచేస్తుంది. అందుకని స్క్రూని బలమంతా పెట్టి తిప్పితే తిరగబడుతుంది. టీవో-220లో స్క్రూ రంధ్రం ట్యాబ్ పైకొసన ఉంటుంది, చిప్పు కింద ప్లాస్టిక్ భాగంలో ఉంటుంది. స్క్రూని అతిగా బిగిస్తే రంధ్రం దగ్గర రేకు లోపలికి వంగి, చిప్పు ఉన్న వైపు పైకి లేస్తుంది. నొక్కుడు కావాల్సిన చోటే తగ్గిపోతుంది. ఎం3 స్క్రూకి 0.5 నుంచి 0.6 న్యూటన్ మీటర్లు చాలు. స్క్రూ తల కింద గట్టి వాషర్, దాని మీద స్ప్రింగ్ వాషర్ ఉంటే ప్లాస్టిక్ బుష్ (స్క్రూ లోహాన్ని తాకకుండా రంధ్రంలో పెట్టే చిన్న గొట్టం) వేడికి కుంగినా బిగింపు నిలబడుతుంది.

స్ప్రింగ్ క్లిప్పు ఈ చిక్కునే తప్పిస్తుంది. అది సరిగ్గా చిప్పు పైన, ప్లాస్టిక్ ఒంటి మీదే నొక్కుతుంది. బుష్ అక్కర్లేదు, ట్యాబ్ రంధ్రంలోంచి ఏ లోహమూ పోదు. స్క్రూతో పోలిస్తే క్లిప్పే మేలన్నది గట్టిగా చెప్పగలిగిన మాట. అయినా స్క్రూలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయంటే, ఏ హీట్‌సింక్‌కైనా ఒక రంధ్రం వేస్తే స్క్రూ పడుతుంది. క్లిప్పుకి దానికి తగిన గాడి ఉండాలి.

బుష్ ఎటువైపు పోవాలన్నది కొందరిని తికమక పెడుతుంది. టీవో-220లో బుష్ మెడ ట్యాబ్ రంధ్రంలో కూర్చోవాలి. స్క్రూ హీట్‌సింక్‌ని తాకుతుంది, ట్యాబ్‌ని తాకదు. టీవో-3లో దీనికి తలకిందులు. స్క్రూలు డబ్బాని తాకుతాయి, కలెక్టర్ కనెక్షన్ కూడా వాటి ద్వారానే తీస్తారు. బుష్‌లు హీట్‌సింక్ రంధ్రాల్లో ఉండాలి. టీవో-247లో రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి బుష్ లేకుండానే గడుస్తుంది. వెనక రేకుకి మాత్రం ఇన్సులేటర్ తప్పదు.

ఇక డ్రిల్ చేసిన రంధ్రం అంచున లేచే పళ్లు. కంటికి కనిపించనంత చిన్న లోహపు పన్ను కూడా 0.05 మి.మీ మైకాను చీల్చడానికి సరిపోతుంది. సిలికోన్ ప్యాడ్‌తో ఇది ఇంకా మోసం. ప్యాడ్ మెత్తన కాబట్టి బిగించిన రోజు షార్ట్ రాదు. వేడికి ప్యాడ్ కుంగుతూ పోయి, వారాల తర్వాత పన్ను అవతలికి చేరుతుంది. పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో ఒకటి రెండుసార్లు తిప్పి అంచు సాపు చేస్తే ఈ ప్రమాదం పోతుంది. రంధ్రం చుట్టూ లోతుగా గుంట పడేలా తిప్పితే మళ్లీ వైశాల్యం పోతుంది.

కాళ్లను ముందుగా వంచి, స్క్రూ బిగించి, ఆ తర్వాతే సోల్డర్ చేయాలి. ముందే సోల్డర్ చేసి తర్వాత బిగిస్తే ట్యాబ్ హీట్‌సింక్ వైపు లాగబడుతుంది, ఆ లాగుడంతా కాళ్ల మీద పడుతుంది. ఏడాదికో రెండేళ్లకో సోల్డర్ చుట్టూ సన్నని వలయంలా పగులు వస్తుంది.

ఇన్సులేటర్‌ని వేరే చోటికి జరిపితే

ట్రాన్సిస్టర్‌కి బదులు హీట్‌సింక్‌నే డబ్బా నుంచి వేరు చేయడం ఒక పద్ధతి. ట్రాన్సిస్టర్ గ్రీజుతో నేరుగా కూర్చుంటుంది, హీట్‌సింక్ ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడుతుంది. వేడి పరంగా ఇదే అత్యుత్తమం. కానీ హీట్‌సింక్ మొత్తం కలెక్టర్ వోల్టేజితో లైవ్‌గా ఉంటుంది. తక్కువ వోల్టేజిలో ఎవరూ తాకని లోపలి భాగంలో అయితే సరే. స్క్రూడ్రైవర్ జారినా, వైరు ఆనినా షార్టే. ఆ రిస్కు వద్దనే చాలామంది తయారీదారులు ఈ పద్ధతి జోలికి పోరు.

మధ్యేమార్గం ఒకటుంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. ట్రాన్సిస్టర్‌ని ముందు ఒక మందపాటి రాగి లేదా అల్యూమినియం పలకకి నేరుగా బిగించి, ఆ పలకకీ హీట్‌సింక్‌కీ మధ్య ఇన్సులేటర్ పెట్టాలి. పలక 40 మి.మీ చదరం అనుకుంటే వైశాల్యం 1600 చదరపు మిల్లీమీటర్లు. అదే 0.18 మి.మీ ప్యాడ్ ఇక్కడ 1.33కి బదులు 0.125 అవుతుంది. వేడి విశాలంగా పరుచుకున్నాక ఇన్సులేటర్‌ని దాటితే దాని భారం పెద్దగా తెలియదు. కలెక్టర్లన్నీ ఒకే పాయింట్‌కి పోయే సమాంతర ట్రాన్సిస్టర్లకి ఇది మరీ బాగా కుదురుతుంది.

ట్యాబ్ కూడా ప్లాస్టిక్‌లో మూసేసిన ఫుల్‌ప్యాక్ రకం ఎదురు దారి. ఇన్సులేటర్ బాధే లేదు, కానీ దాని ఖరీదు లోపలే కలిసిపోయి ఉంటుంది. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మొదటి మెట్టు దాదాపు 1.5, దాని ఫుల్‌ప్యాక్ రూపం ఐఆర్‌ఎఫ్ఐజెడ్44ఎన్‌ది 3.3. దాదాపు 1.8 అదనం. మైకాతో పోలిస్తే కొంచెం నష్టం, నాసిరకం ప్యాడ్‌తో పోలిస్తే లాభం. దీనికి కూడా గ్రీజు కావాలన్న సంగతి మరచిపోతుంటారు.

నల్ల రంగు, రెక్కలు, ఫ్యాన్

నల్ల హీట్‌సింక్ నిజంగా మెరుగా? ఫ్యాన్ లేని చోట అవును, ఫ్యాన్ ఉన్న చోట దాదాపు తేడా లేదు. మెరిసే అల్యూమినియం వేడిని కిరణాలుగా వదలడంలో చాలా వెనకబడి ఉంటుంది. అనోడైజ్ చేసింది అందులో ఎంతో ముందుంటుంది. దీనికి కారణం ప్రధానంగా అనోడైజ్ పొరే, నలుపు రంగు కాదు. దగ్గర దగ్గరగా ఉన్న రెక్కలు తమ కిరణాలను ఒకదాని మీద ఒకటి వేసుకుంటాయి కాబట్టి లెక్కకొచ్చేది హీట్‌సింక్ బయటి ఆకారమే. ఫ్యాన్ లేనప్పుడు రెక్కలు నిలువుగా ఉండాలి, వాటి నడుమ 6 నుంచి 10 మి.మీ ఖాళీ ఉండాలి. కిక్కిరిసిన రెక్కలు ఫ్యాన్ గాలికి పనికొస్తాయి, వాటంతట కదిలే గాలికి కాదు.

అనోడైజ్ పొర కరెంటును ఆపుతుంది కదా, అదే ఇన్సులేటర్‌గా చాలదా అని అడిగేవారున్నారు. ఒక గీత పడితే అది పోతుంది, స్క్రూ మరల దగ్గర అసలు ఉండదు. దాన్ని నమ్మకూడదు. మల్టీమీటర్‌ని మోసం చేయడంలో మాత్రం అది దిట్ట. ప్రోబ్‌ని అనోడైజ్ మీద ఆనించి షార్ట్ లేదని తేల్చేస్తారు, షార్ట్ మాత్రం స్క్రూ దగ్గర ఉంటుంది. హీట్‌సింక్ మీద ఎక్కడైనా గీకి, లోహం కనిపించాక అక్కడే ప్రోబ్ పెట్టాలి. మీటర్ కొన్ని వోల్టులతోనే చూస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. మైకాలో సగం దిగిన పన్నును అది పట్టలేదు. ట్రాన్సిస్టర్ కాళ్లు మూడూ కలిపి, సర్క్యూట్ నుంచి విడిగా ఉంచి, 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్‌తో చూస్తేనే అది బయటపడుతుంది.

చేత్తో ముట్టుకుని చెప్పగలమా

పైన వేసిన మైకా లెక్కలో అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు హీట్‌సింక్ 71, ట్యాబ్ 98, చిప్పు 125 డిగ్రీలు. 71 డిగ్రీల లోహం మీద చేయి నిలవదు. అంటే చేయి కాలడం లోపానికి గుర్తు కాదు. దీనికి తలకిందులైన పరిస్థితే భయపడాల్సింది. హీట్‌సింక్ చల్లగా ఉండి ట్రాన్సిస్టర్ తరచూ పోతుంటే వేడి హీట్‌సింక్ దాకా చేరడం లేదన్నమాట.

ట్యాబ్ మీద ఒక థర్మోకపుల్, పక్కనే హీట్‌సింక్ మీద ఒకటి పెడితే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. 18 వాట్లకి ట్యాబ్ 110, హీట్‌సింక్ 60 చూపిస్తే తేడా 50. 18తో భాగిస్తే 2.8. మైకాకి 1.5 ఉండాల్సింది 2.8 ఉంటే గ్రీజు ఎండిందో, ట్యాబ్ వాలిందో చూడాలి. రెండూ వేడిగా ఉండి తేడా తక్కువగా ఉంటే హీట్‌సింక్ చిన్నది. రెండూ బాగున్నా ట్రాన్సిస్టర్ పోతుంటే కారణం సగటు వేడిలో లేదు. క్షణకాలపు పెద్ద కరెంటులో, డేటాషీట్‌లోని సురక్షిత పరిధి గ్రాఫు దాటడంలో వెతకాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మెరిసే అల్యూమినియం మీదికి గురిపెడితే నిజం కంటే చాలా తక్కువ చూపిస్తుంది. ముందు ఒక నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి.

కొలిచే ముందు ఎంతసేపు ఆగాలన్నదీ లెక్కకి అందుతుంది. 200 గ్రాముల అల్యూమినియంని ఒక డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 180 జౌళ్లు కావాలి. హీట్‌సింక్ నిరోధం 1.44తో గుణిస్తే 260 సెకన్లు. దాదాపు స్థిరపడాలంటే దానికి నాలుగు రెట్లు, అంటే 17 నిమిషాల పైనే. స్విచ్ వేసిన రెండు నిమిషాలకి చూసి బాగానే ఉందనుకోవడం చెల్లదు.

స్విచింగ్ సప్లైలో ఇంకో మెలిక

ఇప్పటిదాకా ఇన్సులేటర్ పలచగా ఉంటే మంచిదన్నట్టు మాట్లాడుకున్నాం. మెయిన్స్ మీద నడిచే స్విచింగ్ సప్లైలో ఆ మాట పూర్తిగా తిరగబడుతుంది. ట్యాబ్ ఒక పలక, హీట్‌సింక్ ఇంకో పలక, మధ్య మైకా. ఇది అచ్చంగా కెపాసిటరే. 0.05 మి.మీ మైకాతో దాని విలువ 170 పికోఫారడ్లు వస్తుంది. డ్రెయిన్ 300 వోల్టులు 50 నానోసెకన్లలో మారితే ఆ మార్పు జరిగినంతసేపూ ఈ కెపాసిటర్‌లోంచి దాదాపు 1 ఆంపియర్ పోతుంది. హీట్‌సింక్ ఎర్త్‌కి కలిసి ఉంటే ఆ కరెంటంతా ఎర్త్ వైరులోకి గోలగా వెళ్తుంది. పక్కనున్న రేడియోలో వినిపించేది అదే. 1 మి.మీ అల్యూమినా పెడితే కెపాసిటెన్స్ 13 పికోఫారడ్లకి, కరెంటు 76 మిల్లీఆంపియర్లకి పడిపోతుంది. వేడి నిరోధమూ మైకాకంటే తక్కువే. ఖరీదైన బిళ్ల అక్కడ ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మరో పద్ధతి, హీట్‌సింక్‌ని ఎర్త్‌కి కాకుండా ప్రైమరీ నెగటివ్‌కే (మెయిన్స్ వైపున్న నెగటివ్ లైనుకే) కలిపి ఆ కరెంటును వచ్చిన దారినే తిప్పి పంపడం. అలా చేసిన హీట్‌సింక్ మెయిన్స్ లైవ్‌లో ఉన్నట్టే, పాత సప్లై విప్పిన ప్రతిసారీ దాన్ని అలాగే చూడాలి.

మనిషి తాకే అవకాశమున్న లోహానికీ మెయిన్స్‌కీ మధ్య ఉండే ఇన్సులేటర్‌కి మందం ఒక్కటే కాదు, ఉపరితలం మీది దూరం కూడా లెక్కే. 250 వోల్టులకి మామూలు దుమ్ముండే వాతావరణంలో ప్రాథమిక ఇన్సులేషన్‌కి 2.5 మి.మీ, ఎర్త్ లేని పరికరాల్లో కావాల్సిన రెట్టింపు ఇన్సులేషన్‌కి 5 మి.మీ దూరం అడుగుతారు. మైకా రేకు ట్యాబ్ కొలతకి సరిగ్గా కత్తిరించి ఉంటే అంచు దగ్గర ఆ దూరం దాదాపు సున్నా. బుష్ మెడ పొట్టిదైతే స్క్రూ దగ్గరా అంతే. 12 వోల్టుల యాంప్లిఫయర్‌లో ఏళ్లపాటు బాగా పనిచేసిన రేకూ బుష్షూ జత, మెయిన్స్ వైపు మాస్‌ఫెట్ కిందికి పనికిరానిది ఇందుకే. అక్కడ నాలుగు వైపులా ట్యాబ్‌ని దాటి వచ్చే వెడల్పాటి సెరామిక్ లేదా ప్యాడ్, స్క్రూకి బదులు క్లిప్పు వాడతారు.